ఎత్తిపోతల మెట్ల దగ్గర ఒక జత బూట్లు

ఆ ఉదయం గుమ్మంలో నేను మొదట చూసింది అమ్మమ్మ కాళ్ళు. మంగళగిరి చీర కుచ్చిళ్ళ కింద నా పాత కాలేజీ బూట్లు. తెల్లవి, లేసులకు రెండేసి ముళ్ళు. రెండు నెలలుగా విజయవాడలో మా ఇంటి మెట్లు కూడా దిగని మనిషి, అడిగినదానికి తప్ప మాట్లాడని మనిషి, ముందు రోజు టీవీలో వరద నీళ్ళు చూస్తూ "ఎత్తిపోతల ఒక్కసారి చూసొద్దామే" అంది. ఎందుకని నేను అడగలేదు. అడిగితే మానేస్తుందని భయం. ఆమె మళ్ళీ మామూలుగా మాట్లాడితే నాకు చాలు. జలపాతం చూడాలన్న కోరిక నిజానికి నాకు అంతగా లేదు.

ఆరింటికి బస్టాండులో మాచర్ల ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్ ఇస్తున్నారు. గుంటూరు, సత్తెనపల్లి, పిడుగురాళ్ళ మీదుగా ఐదు గంటల దారి. గుంటూరు దాటాక వరి పచ్చదనం వెనకబడి, మిరప చేలు, పత్తి చేలు వస్తాయి. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు దుమ్ముకు కిటికీ మూసుకోవాలి. ఇడ్లీ డబ్బా తెరిస్తే అమ్మమ్మ ఒకటి తిని మూసేసింది. మాచర్లలో ఆటో మాట్లాడుకున్నాం. రానూపోనూ, అక్కడ ఆగడంతో కలిపి ఎనిమిది వందలు అన్నాడు. డ్రైవరు అమ్మమ్మ కాళ్ళ వంక చూశాడు.

"ఏంది మామ్మగారూ, పరుగు పందేనికి వచ్చినట్టున్నారే!"

"మొసలి తరిమితే చెప్పులతో ఏం పరిగెత్తను నాయనా?"

నా చేతిలో సంచి జారబోయింది. రెండు నెలల తర్వాత ఆమె నోట విన్న మొదటి వేళాకోళం అది.

డ్రైవరు నవ్వాడు కానీ, "అక్కడ నిజంగానే ఉన్నాయండీ. నీళ్ళ దగ్గరికి మాత్రం పోబాకండి" అన్నాడు.

అడవి అంటే నేను ఊహించుకున్న చీకటి లేదు. ఎర్ర నేల, పొట్టి చెట్లు, ముళ్ళ పొదలు. ఎక్కడో నెమలి అరుపు. నీళ్ళు కనిపించకముందే చప్పుడు వినిపించింది. టికెట్లు తీసుకుని రెయిలింగ్ దాకా వెళ్ళాం. ఎదురుగా కొండ అంచు నుంచి చంద్రవంక వాగు పాయలు పాయలుగా కిందికి దూకుతోంది. కింద పచ్చని మడుగు. మడుగు పక్కన బండల మీద మరో బండ, దాని దగ్గరే ఒక తెల్ల కొంగ. చూస్తుండగా ఆ బండ నోరు తెరిచింది. నేను వెనక్కి తూలాను. కొంగ మాత్రం కదల్లేదు.

అమ్మమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ళ సీసా, బిస్కెట్లు కొనడానికి వెళ్ళాను. తిరిగి వస్తుంటే ఒక కోతి నా చేతిలోంచి బిస్కెట్ ప్యాకెట్ లాక్కుపోయింది. దాని వైపు చూస్తుండగానే ఎవరో గట్టిగా అరిచారు.

"ముసల్ది నీళ్ళలో దిగిందిరోయ్!"

జనం ఒక్కసారిగా రెయిలింగ్ వైపు పరిగెత్తారు. బెంచీ ఖాళీగా ఉంది. కిందికి మెట్లు మొదలయ్యే చోట తెల్ల బూట్లు, పక్కపక్కన, లేసులు లోపలికి దోపి ఉన్నాయి.

"అమ్మమ్మా" అన్నాను, నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను. నా పక్కనే ఇద్దరు పిల్లలు వాళ్ళ అమ్మమ్మను పిలుస్తున్నారు. కాన్వెంటులో పిక్నిక్‌కు తీసుకెళ్ళేటప్పుడు సిస్టర్లు చెప్పేవారు, తప్పిపోతే మమ్మీ అని అరవొద్దు, అందరూ మమ్మీలే, పేరు పెట్టి పిలవండి అని. పుట్టాక ఎన్నడూ గట్టిగా మాట్లాడి ఎరగని నేను, జలపాతం చప్పుడు మీదుగా అరిచాను.

"సుభద్రా!"

జనం పక్కకు తప్పుకున్నారు. అందరికన్నా ముందు, రెయిలింగ్ పట్టుకుని, వట్టి కాళ్ళతో నిలబడి ఉన్న అమ్మమ్మ గిరుక్కున తిరిగింది. ఆ ముఖంలో అంత వెలుగు, అంత భయం నేనెప్పుడూ చూడలేదు. నా మీద కాకుండా, నా వెనక ఎవరి కోసమో ఆమె కళ్ళు వెతికాయి. ఆ తర్వాత నన్ను చూసింది.

"నువ్వటే? నీ ఈడుదాన్నా నేను, పేరు పెట్టి పిలుస్తావు?"

"నీళ్ళలో దిగావని... ముసల్ది దిగిందన్నారు..."

అక్కడి అటవీశాఖ వాచర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "మొసలమ్మా! అదుగో, ఈదుతోంది. వీటిలోకెల్లా పెద్దది, అందుకని మేం ముసల్దంటాం."

"నన్ను మొసలిని చేశావన్నమాట" అంది అమ్మమ్మ.

"మరి బూట్లెందుకు విప్పావు?"

"ఈ నీళ్ళు కృష్ణలోకే పోతాయి కదే. బూట్లేసుకుని కృష్ణమ్మకు దణ్ణం పెడతానా?"

వంగి ఆమె లేసులకు మళ్ళీ రెండేసి ముళ్ళు వేశాను. ఆమె నా భుజం గట్టిగా పట్టుకుని, కట్టడం అయ్యాక కూడా వదల్లేదు. ఎందుకో నాకప్పుడు తట్టలేదు.

తిరుగు బస్సులో మిగిలిన ఇడ్లీలన్నీ తినేసింది. సత్తెనపల్లి దాటాక అంది, "ఇందాక అన్నావే, మళ్ళీ అను."

మెల్లగా అన్నాను.

"అట్లా కాదు. ఇందాకటిలా."

చుట్టూ చూశాను. కళ్ళు మూసుకుని అరిచాను. బస్సంతా వెనక్కి తిరిగింది. "ఆఁ" అని పలికి, అమ్మమ్మ కిటికీ వైపు తిరిగి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఎత్తిపోతల గురించి ఎవరైనా అడిగితే నీళ్ళ ఎత్తు నాకు గుర్తు రాదు. ఒక్క క్షణం ఆ బూట్లలో మనిషి లేకపోవడమే గుర్తొస్తుంది. మనతో ఉన్నవాళ్ళు ఎవరి పిలుపు కోసం చెవి ఒగ్గి ఉన్నారో మనకు తెలియదు. వెళ్ళేవాళ్ళకు ఒకటే సలహా: వానలు బాగా పడ్డాక వెళ్ళండి, తినే వస్తువులేవీ చేతిలో పట్టుకోకుండా సంచిలో పెట్టి జిప్పు వేయండి. కోతులు ముసల్దానికన్నా చురుకైనవి.

అమ్మమ్మ అక్క కృష్ణ దిగువన చల్లపల్లిలో ఉండేది, రెండు నెలల క్రితం పోయింది. అమ్మమ్మను పేరు పెట్టి పిలిచేది ఆవిడొక్కతే.