ఆషాఢంలో ఆగిన సంతకం

మా ఆయన పోయాక నేనూ, మా అమ్మాయీ అమెరికాలో, పిస్కాటవే ఊళ్లో ఒకరింటి బేస్‌మెంట్‌లో ఉండేవాళ్లం. నేను ఇళ్లకు వంట చేసి ఇచ్చేదాన్ని. ఏళ్ల తరబడి ఎదురుచూస్తే ఇంటద్దెకు గవర్నమెంటు వోచర్ వచ్చింది. అద్దెలో ఎక్కువ భాగం వాళ్లే ఇంటివాళ్లకు కడతారు. అయితే రెండు నెలల్లో ఇల్లు చూసుకుని, యజమాని చేత కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. లేకపోతే వోచర్ పోయినట్టే.

మొదటి నెల ఫోన్లతోనే సరిపోయింది. వోచర్ మాట వినగానే ఇల్లు అప్పుడే ఇచ్చేశామనేవారు. చివరికి ఒక అక్క దగ్గరికి వెళ్లాను. ఆవిడ రెండు పురుళ్లకూ పథ్యం వండిపెట్టింది నేనే. వాళ్ల పక్కిల్లు కూడా వాళ్లదే, ఖాళీగా ఉంది.

"నీకు కాక ఎవరికిస్తానే," అంటూ కాగితం తీసుకుని ఫ్రిజ్‌కి అంటించింది. "కాకపోతే ఆషాఢం కదా. శ్రావణం రాగానే సంతకం పెడతాను, పాలు పొంగించుకుని దిగుదువుగాని."

ఆషాఢంలో ఇల్లు మారకూడదని నాకూ పట్టింపే. శ్రావణం వచ్చాక కూడా నాలుగు రోజులు గడువుందని కేలండర్‌లో చూసుకుని నిమ్మళపడ్డాను.

"అమ్మా, మూవ్ తర్వాత అవుదాం. సైన్ ఇప్పుడు చెయ్యొచ్చు కదా?" అంది మా అమ్మాయి.

"పెద్దవాళ్ల పద్ధతులు నీకు తెలియవులే," అని దాని నోరు మూయించాను.

ఆషాఢం ఇంకా వారం ఉందనగా గోంగూర పచ్చడి పట్టుకుని వెళ్లాను. పక్కింటి ముందు ట్రక్ ఆగి ఉంది. గుమ్మానికి ప్లాస్టిక్ మామిడాకుల తోరణం. ఎవరో సాఫ్ట్‌వేర్ జంట సామాను దింపుకుంటున్నారు.

"ఆషాఢం కదక్కా," అన్నాను.

"వాళ్లకి ఆ పట్టింపులు లేవట."

"మరి నా సంతకం?"

"మావారు ఒప్పుకోలేదు. వోచర్ వాళ్లని పెడితే చుట్టుపక్కల ఏమనుకుంటారో అని."

"ఎప్పుడు ఒప్పుకోలేదు?"

ఆవిడ నా చేతిలోని పచ్చడి సీసా అందుకుంది. "మొదటి రోజే. నీ మొహం చూస్తూ చెప్పలేకపోయానే."

కాగితం ఫ్రిజ్ మీద ఎలా అంటించిందో అలాగే ఉంది. తీసుకుని వచ్చేశాను. మిగిలిన రోజుల్లో ఇంకో ఇల్లు దొరకలేదు. గడువు పెంచమని ఆఫీసులో బతిమాలితే కుదరదన్నారు, వోచర్ పోయింది.

శ్రావణంలో ఆవిడే ఫోన్ చేసింది. "వ్రతానికి పూర్ణం బూరెలు నువ్వే చెయ్యాలే. నీ చేతి రుచి ఎవరికీ రాదు."

"భాద్రపదం రానీ అక్కా, చేస్తాను," అన్నాను.

హోంవర్క్ చేసుకుంటున్న మా అమ్మాయి తలెత్తి చూసింది.

ఆ బేస్‌మెంట్‌లోంచి మేము బయటపడింది మా అమ్మాయికి ఉద్యోగం వచ్చాకే. అక్క మళ్లీ వంటకు పిలవలేదు.