గాజుదారాన్ని నమ్మిన ఇంజనీరు గారు

గుంటూరు దగ్గర మిరపకారాన్ని రేడియేషన్‌తో శుద్ధిచేసే ప్లాంటులో మా ఇంజనీరు గారు లోపలికి రావచ్చని చెప్పే తలుపు మీది పచ్చదీపాన్ని నమ్మేవారు కాదు. గదిలోపల ఒక గాజుదారం, అదే ఆప్టికల్ ఫైబర్, పరిపించారు. రేడియేషన్ తగిలేకొద్దీ అది నల్లబడి, అందులోంచి వచ్చే వెలుగు తగ్గుతుంది. ఆ వెలుగును కొలిచే మీటరు చూడందే ఎవరినీ లోపలికి పోనిచ్చేవారు కాదు.

ఒకరోజు పచ్చదీపం చూసి నేను తలుపు తీయబోయాను. ఆయన హమాలీలందరి ముందూ నా కాలరు పట్టి వెనక్కి లాగారు.

"చచ్చిపోతావయ్యా! దారంలో వెలుగు ఇంకా పడిపోతూనే ఉంది!"

"దీపం పచ్చగానే ఉంది గదండీ!"

"దీపానికేం, అది లోపలికి రాదుగా!"

హమాలీలు పగలబడి నవ్వారు. లోపల రేడియేషన్ వెదజల్లే కోబాల్టు, మనుషులు వెళ్లేముందు దిగాల్సిన నీళ్ల తొట్టిలోకి నిజంగానే దిగలేదు. అయినా నాకు ఆ నవ్వే గుర్తుండిపోయింది. మర్నాడే పైవాళ్లకు ఫిర్యాదు రాశాను. ఆయన్ను బదిలీ చేశారు.

నేను రాసిన ఫిర్యాదులో అబద్ధం ఒక్కటీ లేదు. కాలరు పట్టుకున్నారన్నదీ నిజమే. ఎందుకు పట్టుకున్నారో మాత్రం రాయలేదు.