పది లక్షల తొమ్మిది

మాంసం ఎడమచేత్తో కొడుతుంది కాబట్టి మార్కెట్లో అందరూ ఆమెను ఎడమచేతి అక్క అంటారు. కుడి మణికట్టు పన్నెండో ఏట విరిగింది. విరగ్గొట్టింది కన్నతండ్రే.

ఆయన లెక్కల మాస్టారు. తరగతిలోకి ఆయన కన్నా ముందు బెత్తం వచ్చేది. ఒకరోజు నల్లబల్ల మీద 10,00,009 అని వేసి, "ఇది ప్రధాన సంఖ్య. ఒకటీ, ఇదీ తప్ప దీన్ని ఏదీ భాగించదు. రెండు వందల దాకా చేసి చూశాను" అన్నాడు.

"వెయ్యి వెయ్యిలు పది లక్షలు కదా సార్. వెయ్యి దాకా చూడాలేమో" అంది కూతురు.

చెంప పగిలింది. పెదవి చిట్లి నోట్లో రక్తం ఉప్పగా తగిలింది.

ఆ పిల్ల ఊరుకోలేదు. తొమ్మిది రోజులు వంటింట్లో కూర్చుని ప్రధాన సంఖ్యలన్నిటితో వరసగా భాగించింది. పదిహేడుకి ఒకటి మిగిలింది. పంతొమ్మిదికీ ఒకటే. 293 దగ్గర మాత్రం ఏమీ మిగల్లేదు. మర్నాడు తరగతిలో లేచి వెళ్లి నల్లబల్ల మీద 293 × 3413 అని రాసింది. వెనక బెంచీలో ఎవరో చప్పట్లు కొట్టారు.

బెత్తం విరిగేదాకా కొట్టాడు. అది విరిగాక కుర్చీ ఎత్తాడు.

ఎముక వంకరగా అతుక్కుంది. కలం పట్టు చిక్కలేదు. మేనమామ తన మాంసం కొట్టుకి తీసుకుపోయాడు. కత్తి మొద్దు మీద దిగిన ప్రతిసారీ ఆమెకి లోపల హాయిగా ఉండేది. ఆ హాయిని చూసి ఆమెకే భయం వేసేది.

ఇరవై ఏళ్ల తర్వాత, మేనమామ పోయి కొట్టు ఆమెదయ్యాక, ఒక పొద్దున తల్లి పరుగున వచ్చి లోపల దూరింది. నుదుటి దగ్గర జుట్టు కుదుళ్లతో ఊడి ఉంది. వెనకే తండ్రి, చేతిలో ఇనుప కడ్డీ.

"దాన్ని బయటికి పంపు."

"పంపను."

కడ్డీ తల్లి భుజం మీద పడింది. కూతురు కత్తి తిరగేసి వెనకవైపుతో ఆయన ముంజేతి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు పక్క కొట్టు దాకా వినిపించింది. ఆయన కొట్టు నేల మీది నెత్తుటి నీళ్లలో కూలబడ్డాడు. ఆమె మళ్లీ ఎత్తింది. ఈసారి పదునువైపు కిందికి ఉంది.

"వద్దే తల్లీ" అని తల్లి చెయ్యి పట్టేసుకుంది. "ఆయన కోసం కాదు, నీకోసం."

కిందనుంచి ఆయన మూలిగాడు. "నీ లెక్క రైటే. ఆ సాయంత్రమే గుణించి చూశాను."

"మరి చెప్పలేదేం?"

"పిల్లల ముందు ఎలా చెప్పను?"

తన లెక్క రైటని ఆయనకి తెలియనే తెలియదని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. కత్తి మొద్దులో దింపేసింది.

పోలీసులతో ఆయన జారిపడ్డానన్నాడు. "కాదు, నేనే కొట్టాను" అందామె. మూడు నెలలు జైలు పడింది. ఆయన మళ్లీ ఆ వీధిలోకి రాలేదు.

విడుదలై వచ్చేసరికి మొద్దు దగ్గర తల్లి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, కత్తి రెండు చేతులా ఎత్తి ఉంది.

"దూరంగా నిలబడవే, ఎముక ముక్కలు కంట్లో పడతాయి" అంది.