చిరుగులకు కుట్టుకూలి

"మీ వాళ్ళు ఈ ఊరొచ్చినప్పుడు ఒంటి మీద గుడ్డలుండేవా?" అని అడిగింది మ్యూజియం క్యూరేటరు.

నూకరాజు ఆ సమయానికి ఒక గార్డుగారి తెల్ల పంట్లాం నడుము బిగిస్తున్నాడు. నోట్లో గుండుసూదులుండబట్టి వెంటనే జవాబు చెప్పలేదు. లేకపోతే బేరం అక్కడే చెడేది. కలకత్తా అవతలి ఈ రైల్వే ఊళ్ళో, న్యూ సెటిల్‌మెంట్ పేటలో, రైల్వే యూనిఫారాలు కుట్టే దుకాణం అతనిది. తాత తెలుగునాట నుంచి వలసొచ్చి రైల్వే వర్క్‌షాపులో సుత్తి కొట్టాడు, తండ్రి కుట్టుమిషను కొన్నాడు, ఇతను ఆ మిషను మీదే ముసలివాడయ్యాడు.

ఆవిడ కలకత్తా నుంచి వచ్చింది. ఏదో ట్రస్టు వాళ్ళు నిమ్‌పురా పేటలో పాత గోదాము ఒకటి అద్దెకు తీసుకుని, రైలు ఈ దేశాన్ని ఎలా కట్టిందో చూపించే మ్యూజియం పెడుతున్నారట. దొరగారి కోటు వేలంలో దొరికిందట. బడాబాబు, అంటే ఆఫీసు పెద్ద గుమాస్తా, ధోవతి ఎవరో మనవడు ఇచ్చాడట. కూలివాడి బట్టలే దొరకలేదు. ఎలా దొరుకుతాయి? చిరిగేదాకా తొడుక్కుని, చిరిగాక ఇంజను తుడిచారు. అందుకని ఒక ప్లాస్టరు బొమ్మకు కొత్తగా 'పాత బట్టలు' కుట్టాలి.

సూదులు తీసి నూకరాజు అన్నాడు: "మా తాత ఒచ్చినప్పుడు గోసీయే, దీదీ. అబద్ధమెందుకు? మొదటి జీతం రాగానే పంట్లాం కుట్టించుకున్నాడు. మీ దొర ఓడ దిగినప్పుడు ఎలాగున్నాడో ఎవులు సూసినారు? ఆడికి కోటూ, మావోడికి గోసీనా?"

"చూసేవాళ్ళకు కష్టం కనబడాలి దాదా. పంట్లాం వేస్తే ఎవరికీ ఏమీ అనిపించదు," అని నవ్విందావిడ.

వాళ్ళ పెద్ద చదువుల సారం ఆ ఒక్క మాటలోనే ఉంది. గౌరవించదలచిన వాడి కోటును దేశం వేలంలో కొంటుంది. జాలిపడదలచిన వాడికి చిరుగులు ఆర్డరిచ్చి కుట్టిస్తుంది. జాలి చౌక. గాజుపెట్టెలో పెడితే పాడవదు కూడా.

మూడువేల రెండువందలకు బేరం కుదిరింది. బయానా ఐదువందలు. నూకరాజు ఎందుకు ఒప్పుకున్నాడంటే, సరైన బట్టలు కుట్టి చేతిలో పెడితే చచ్చినట్టు అవే తొడుగుతారనుకున్నాడు. తన కుట్టు మీద అతనికి అంత పొగరు. మందపాటి నీలంగుడ్డ తెచ్చి పాదాలదాకా పంట్లాం, మూతజేబుల చొక్కా కుట్టాడు. నిప్పురవ్వలు పడే మోకాళ్ళ దగ్గర లోపల రెండో పొర వేశాడు.

"బొమ్మకి జేబులెందుకు? అందులో ఏటెట్టుకుంటాది?" అంది భార్య సత్యవాణి.

"జేబు నేకపోతే ఈడికి జీతం నేదనుకుంటారే."

ప్రారంభోత్సవానికి ఇద్దరూ ఇస్త్రీబట్టల్లో వెళ్ళారు. దొరగారి కోటు మీద దుమ్ముకణం లేదు. పక్కన ప్లాస్టరు బొమ్మ. పంట్లాన్ని మోకాళ్ళ పైకి బ్లేడుతో కోసేశారు. జేబులు పీకేశారు. మిగిలినదాన్ని టీ డికాషనులో నానబెట్టి, జిగురుతో మాసికలు అంటించారు. చొక్కాను చీల్చి తలపాగా చుట్టారు. చెప్పుల్లేవు. కింద పలక: 'దేశ నిర్మాత – తెలుగు కూలీ.'

మనవాళ్ళు చిన్నబుచ్చుకున్నారా అంటే, అదీ లేదు. తెలుగు సంఘం సెక్రటరీ బుజ్జిబాబు రెండు ఆటోల జనాన్ని దింపి, క్యూరేటరుకు శాలువా కప్పి, బొమ్మకు బంతిపూల దండ వేశాడు. ఎవరో దాని నుదుట బొట్టు కూడా పెట్టారు.

"మనోల్ని గుర్తించినారు మావా," అన్నాడు బుజ్జిబాబు నూకరాజుతో, తడికళ్ళతో.

"ఎవుల్నిరా? నాను కుట్టిన పంట్లామేదీ?"

"సరిత్ర గురించి మాటాడతంటే పంట్లామేటి మావా?"

ఈ బుజ్జిబాబు క్వార్టరులో, టీవీకి పైన, వాళ్ళ తాత ఫొటో ఉంది. టోపీ, బూట్లు, గడియారం గొలుసు, కుర్చీ మీద చెయ్యి. పొద్దున్నే దానికి అగరొత్తి వెలిగించి, ఆ చేత్తోనే వచ్చి ప్లాస్టరు బొమ్మకు దండ వేశాడు. రెండింటికీ మధ్య తేడా ఉందని అతనికి తోచలేదు. పలక మీద అక్షరాలున్న బొమ్మకే అతని ఓటు.

సంఘం వార్షికోత్సవం ముందు దుకాణానికొచ్చాడు. "పన్నెండుమంది పిల్లలు మావా, పూర్వీకుల డాన్సు. మ్యూజియంలో ఉన్నట్టే ఉండాలి. మోకాళ్ళదాకా, సిరుగులతో."

"పన్నెండు పంట్లాలు కుడతాను. పాదాలదాకా, జేబుల్తో. సిరుగులు మీరే ఏసుకోండి."

"ఠీక్ హై, తాల్‌బగీచా దర్జీ దగ్గర కుట్టించుకుంటాం."

"కుట్టించుకోండి."

అక్కడే కుట్టించారు. పిల్లలు బాగా ఆడారు. చప్పట్లు హోరెత్తాయి. క్యూరేటరు తీసిన ఫొటో ఇప్పుడు బొమ్మ పక్కనే వేలాడుతోంది: 'పూర్వీకుల వేషధారణను నేటికీ కాపాడుకుంటున్న తెలుగువారు.' వచ్చే ఏడు ఆ వేషాన్ని ఇంకో పాతికమంది కాపాడుతారు. నూకరాజు ఆ తర్వాత గోదాము గుమ్మం తొక్కలేదు. సత్యవాణి మాత్రం బాకీ అడగడానికి రెండుసార్లు వెళ్ళింది. రెండోసారి ఆమె చేత టికెట్టు కొనిపించారు.

ట్రస్టు నుంచి నూకరాజుకు రెండువేల ఏడువందలు ఇంకా రావాలి.