గంగామణి మేడం చదివిన రెండు కాగితాలు

పెర్కిట్‌లో బస్సు కోసం నిలబడ్డాను. వాన జోరందుకోవడంతో పక్కనున్న జిరాక్స్ దుకాణంలోకి వెళ్లాను. అప్పుడే యంత్రంలోంచి వచ్చిన కాగితాల వేడి వాసన ముఖానికి తగిలింది. ఒక నడివయసు మనిషి తన బిడ్డ మార్కుల మెమోలు, టీసీ ప్లాస్టిక్ కవర్లోంచి ఒక్కొక్కటే తీసి, తడి చేతిని తువ్వాలకు తుడుచుకుని మరీ దుకాణదారుకు అందిస్తున్నాడు. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ రోజులు. ఆ వాసనకు గంగామణి మేడం గుర్తొచ్చింది. ఆమె పోయి ఏడాది దాటింది.

ఆమె నాకు పాఠం చెప్పలేదు. ఆర్మూర్‌లో నేను ఇంటర్ చదివిన కాలేజీలో ఆమె గుమాస్తా. బక్కపలచటి మనిషి, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు. దరఖాస్తులో సంతకం మర్చిపోయిన వాళ్లను కిటికీ అవతలి నుంచే తిట్టేది. చదివినంత కాలం మేమంతా ఆ కిటికీకి భయపడ్డవాళ్లమే. ఫలితాలొచ్చాక మాత్రం సీటు కాగితం చేతిలో ఉన్న ప్రతి ఇల్లూ ఆమె దగ్గరికే వచ్చేది. కాగితంలో పెద్ద అక్షరాలు అందరూ చదివేవాళ్లు. చిన్న అక్షరాలు చదివే ఓపిక ఆమె ఒక్కదానికే ఉండేది.

మాది కమ్మర్‌పల్లి దగ్గర పల్లె. పసుపు, మక్కజొన్న వేసే ఇల్లు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. కౌన్సెలింగ్‌లో నాకు ప్రభుత్వ యూనివర్సిటీ కాలేజీలో సివిల్ సీటొచ్చింది. అదే వారం హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు కాలేజీ నుంచి ఇద్దరు మనుషులు కారులో మా ఇంటికొచ్చారు. ఫీజు మాఫీ, ఉచిత హాస్టల్, ల్యాప్‌టాప్ అంటూ బంగారు రంగు అంచున్న ఉత్తరం ఇచ్చారు. లోపలికి వచ్చే ముందు వాళ్లు చెప్పులు విడిచారు. మా నాన్నను అన్నా అని పిలిచారు. నాన్నకు ఆ రెండూ బాగా నచ్చాయి. ఆ ఉత్తరం పక్కన పెడితే యూనివర్సిటీ సీటు కాగితం పలచగా, ఎవరో పారేసిన చిత్తుకాగితంలా కనిపించింది.

రెండూ పట్టుకుని నాన్నా నేనూ మేడం దగ్గరికి వెళ్లాం. ఆమె మమ్మల్ని లోపలి బెంచీ మీద కూర్చోబెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, వేలు ఆనించి ఒక్కో వరుసా చదివింది.

“ఫీజు మాఫీ అని రాసిన్రు. ఎన్నేండ్లకు?” అని అడిగింది.

“నాలుగేండ్లకు గద మేడం. వాళ్లు చెప్పిన్రు” అన్నాడు నాన్న.

“చెప్పిన్రు సరే. రాసిన్రా?”

నాన్న నా వైపు చూశాడు. ఉత్తరం అడుగున ఇంగ్లీషులో ఉన్న నాలుగు వరుసలు మేడం నాతో పైకి చదివించింది. ఒక్క సబ్జెక్టు తప్పినా మాఫీ ఆగుతుంది. హాస్టల్ మొదటి ఏడాదికే. తర్వాత నాన్న ఫోను నా చేతికిచ్చి, “నువ్వే అడుగు. చదివేది నువ్వు” అంది.

ఉత్తరం తెచ్చిన మనిషికి ఫోన్ చేశాను. “సార్, ఒక్క సబ్జెక్టు పోతే మాఫీ మొత్తం పోతదా?”

“నువ్వు తెలివైన పిల్లవు కదమ్మా, ఎందుకు పోతుంది?” అని నవ్వాడు.

“నడుమల మానేస్తే సర్టిఫికెట్లు వాపసిస్తరా సార్?”

“ముందు చేరమ్మా, అవన్నీ తర్వాత చూద్దాం.”

మేడం ఉత్తరం మడిచి నాన్న చేతిలో పెట్టింది. “గాయన జవాబు చెప్పలేదు. సమజైందా ముత్తన్నా?”

నాన్నకు అర్థమైంది. యూనివర్సిటీకి తేవాల్సిన కాగితాల జాబితా, ఏది ఒరిజినల్, ఏది జిరాక్స్, హాస్టల్‌కు ఎవరిని కలవాలి, స్కాలర్‌షిప్ దరఖాస్తు ఎప్పుడు పెట్టాలి, అన్నీ మేడం తన చేత్తో రాసివ్వడం మొదలుపెట్టింది. అప్పుడే కిటికీ దగ్గరికి రవళి వచ్చింది. రవళి మా క్లాసే, మా పక్క ఊరే. ఆమె చేతిలోనూ అదే బంగారు అంచు ఉత్తరం ఉంది.

“మేడం, జర ఇది చూస్తరా?”

“గీ పిల్లది కానీ బిడ్డా. రేపు పొద్దుగాల రా” అంది మేడం, తలెత్తకుండానే.

నేను కూర్చున్న బెంచీ మీద ఇంకొకరికి చోటుంది. ఆ ఉత్తరంలో ఏముందో నాకప్పటికే తెలుసు. లేచి రెండు మాటలు చెబితే సరిపోయేది. కానీ ఆ పూటంతా మేడం నా ఒక్కదానిదే అనిపించింది. అందరూ భయపడే మనిషి నాకోసం చేత్తో రాస్తోంది. ఆ సంతోషాన్ని ఎవరితోనూ పంచుకోబుద్ధి కాలేదు. రవళి నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆ కారు రవళి వాళ్ల ఊరికి వెళ్లింది. వాళ్ల నాన్న రాజన్న సంతకం పెట్టాడు. ఒరిజినల్స్ కాలేజీ వాళ్ల సంచిలోకి వెళ్లిపోయాయి.

మొదటి ఏడాది రవళికి లెక్కలు తప్పాయి. మాఫీ ఆగింది. ఫీజు కట్టే దారి లేక మానేస్తానంటే, మిగిలిన మూడేళ్ల ఫీజు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. అవి లేకుండా ఇంకో కాలేజీలో చేరడం కుదరదు. సంగతి తెలిసిన రోజే మేడం సెలవు పెట్టి, తండ్రీకూతుళ్లను వెంటబెట్టుకుని హైదరాబాద్ వెళ్లింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ ఆఫీసు ముందు కూర్చున్నారట. చివరికి ఒకతను బయటికొచ్చి, “మీరు ఈమెకు ఏమవుతారు?” అని మేడంను అడిగాడట.

“రేపు రమ్మని తిప్పి పంపినదాన్ని” అందట ఆమె.

ఈ మాట నాకు రవళే చెప్పింది. అతనికేమీ అర్థం కాలేదని కూడా చెప్పింది.

ఆ తర్వాత మేడం ఎన్నిసార్లు తిరిగిందో, ఏ అధికారులకు అర్జీలు పెట్టిందో నాకు పూర్తిగా తెలియదు. మూడో ఏడు సర్టిఫికెట్లు చేతికొచ్చాయి. అప్పటికి రవళి నిజామాబాద్‌లో ఒక చీరల దుకాణంలో పనికి కుదిరింది. మేడం ఆ కవరు దుకాణానికే తీసుకెళ్లి ఇచ్చింది. రవళి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇప్పుడివి నేనేం చేసుకోను మేడం?”

“దగ్గరుంచుకో బిడ్డా. నీవి గదా.”

అంతలో ఎవరో గిరాకీ వస్తే రవళి కవరు పక్కన పెట్టి చీరలు పరవడంలో పడింది. మేడం కాసేపు నిలబడి బస్టాండుకు నడిచిపోయింది.

నేను ఇంజనీరింగ్ పూర్తి చేశాను. మెండోర దగ్గర కాలువల పనులు చూసే ఉద్యోగం వచ్చింది. దూద్‌పేడాల డబ్బా పట్టుకుని మేడం ఇంటికి వెళ్లాను. ఆమె అప్పటికే రిటైరైంది, కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు దవాఖానకు పోతోంది. నా గుర్తింపు కార్డు చేతిలోకి తీసుకుని, పాత అలవాటు కొద్దీ వేలు ఆనించి పేరు, హోదా చదివింది. సంతోషించింది. కార్డు నాకు తిరిగిస్తూ అంది:

“నువ్వొస్తే మంచిగనిపిస్తది శైలూ. గానీ నువ్వు వచ్చిన ప్రతిసారీ ఆ పిల్ల గూడ కండ్ల ముంగట నిలబడ్తది. ఏం జేద్దాం.”

తప్పు మీది కాదు మేడం, నాది, అందామనుకున్నాను. ఆ రోజు ఆమె తలవంచుకుని రాస్తోంది, రవళి చేతిలోని ఉత్తరం చూసింది నేనే. ఆ మాటకు బదులు పేడా ముక్క తుంచి ఆమె చేతిలో పెట్టాను. తినకూడదని నవ్వుతూ తిరిగి ఇచ్చేసింది. ఇంకోసారి వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను. రెండు నెలలకే ఆమె పోయింది.

ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ తమ పిల్లలకు నన్ను చూపించి, “కష్టపడి చదువుకుని పైకొచ్చింది” అంటారు. నేను తలూపుతాను. కష్టపడ్డ మాట నిజమే. రవళీ కష్టపడ్డది. అది మాత్రం నేనెవరికీ చెప్పను.