రొయ్యలు బెదురుతయి

ఇనాయతుల్లా లెక్కలో ఈ లోకంలో మహాపాపం ఒక్కటే, రొయ్యను బెదరగొట్టడం.

వెల్గటూరు దగ్గర గోదావరిలో పట్టిన రొయ్యలను నీళ్ల డ్రమ్ములో పోసి, ట్రాలీ ఆటోలో ప్రాణాలతో కోరుట్ల చేర్చడం ఆయన పని. డ్రమ్ము మీద తడి గోనెసంచి, పక్కన భార్య రాబియా బీ. హారన్ ముట్టడు. గుంత కనబడితే దిగి చూసి వస్తాడు. సైకిళ్లు సరే, ఒకసారి గొర్రెల మంద కూడా ఆయన్ను దాటిపోయింది.

"బెదిరిన రొయ్య డ్రమ్ముల ఎగిరెగిరి అలిసిపోతది. కండ పట్టు తప్పుతది. కూర పిండి పిండైతది," అని కనబడ్డవాళ్లకల్లా చెప్పేవాడు.

"అజీ, నన్నెన్నడన్న గింత పైలంగ చూసుకున్నవా?" అని రాబియా తల కొట్టుకునేది.

"నువ్వు అమ్ముడువోవు గద."

పైకి ఎంత సణిగినా ఆ నడక ఆమెకు హాయిగానే ఉండేది. తానెక్కిన వేములవాడ బస్సు బోల్తా పడ్డ నాటి నుంచి వేగమన్నా, పెద్ద చప్పుడన్నా ఆమెకు గుండెదడ. నవ్వుతారని ఎవరికీ చెప్పుకోలేదు.

సకల జనుల సమ్మె రోజుల్లో కోరుట్ల నుంచి ఫోనొచ్చింది. కూతురు మిస్బాకు నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు, అమ్మీ రావాలని ఒకటే ఏడుపట. బస్సులు లేవు. ఇనాయతుల్లా ఆటోలో డ్రమ్ము పెట్టి గోనెసంచి కప్పాడు.

"బిడ్డ గట్లుంటే నీకు రొయ్యల బేరమా?" రాబియా మండిపడింది.

"ఎట్లాగు పోతున్నం గద," అన్నాడు.

జగిత్యాలలో రోడ్డుకు అడ్డంగా సమ్మెవాళ్ల వంటావార్పు. పొయ్యిలు, డప్పులు, నినాదాలు. రాబియా కళ్లు మూసుకుని సీటు పట్టుకుంది. ఇనాయతుల్లా దిగి, ముందుండి నడిపిస్తున్న జలపతి దగ్గరికి వెళ్లాడు.

"తమ్మీ, జై తెలంగాణ అనుండ్రి. జర మెల్లగ అనుండ్రి. రొయ్యలు బెదురుతయి."

"మెల్లగంటే ఢిల్లీకి ఎట్ల ఇనవడ్తది చిచ్చా?"

"గట్టిగన్నా ఇనవడ్తలేదు గద."

జలపతికి అనుమానమొచ్చింది. "వలలేసేటోళ్లంత గీడనే కూసున్నరు. నీకు రొయ్యలు యాడియి?" అంటూ ఆటో దగ్గరికొచ్చి గోనెసంచి లాగేశాడు. డ్రమ్ములో నీళ్లు తప్ప ఏమీ లేవు. డప్పులు ఆగిపోయాయి.

"ఏవి చిచ్చా?"

"బెదిరి అడుగుకు పోయినయి," అన్నాడు ఇనాయతుల్లా, ముఖం మార్చకుండా.

రాబియా దిగి తొంగి చూసింది. బస్సు బోల్తా పడకముందు ఈయన ఇదే ఆటోను దుమ్ము రేపుతూ తోలేవాడు. అప్పుడు ఏ రొయ్యా బెదరలేదు, ఏ కూరా పిండి కాలేదు. యా అల్లా, ఇన్నేళ్లూ ఈ మనిషి నా భయం తెలిసీ తెలియనట్టే ఉన్నాడా! ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"గా రొయ్యను నేనే, భాయ్," అంది పైకే. "బిడ్డ కాన్పుకు పోవాలె. జర తొవ్వ ఇయ్యుండ్రి."

జలపతి గబగబా పొయ్యిలు పక్కకు జరిపించాడు. జనం రెండువైపులా నిలబడి, చెవిలో చెప్పినంత మెల్లగా "జై తెలంగాణ" అన్నారు.

ఊరు దాటినా ఆటో నత్తనడకనే పోతోంది. రాబియా ఆయన భుజం గట్టిగా పట్టుకుంది.

"జోరుగ నడుపు. మిస్బా ఎదురుచూస్తది."

"భయం గాదా?"

"అయితది. నువ్వు నడుపు."