పట్టాలు అడిగిన రోజు

చుట్టూ తమిళమే వినపడే మూలకుళంలో మా తాత స్థలమంతా అమ్ముడుపోయి, మాకు ఇల్లూ కొంచెం దొడ్డీ మిగిలిన రోజులవి. డెబ్బైలలో మాట. పక్క స్థలం ధాన్యం వ్యాపారం చేసే తెలుగువాళ్ళే కొని ఇల్లు వేసుకున్నారు. మధ్యలో గోడ ఇంకా లేవలేదు. వాళ్ళమ్మాయీ నేనూ మా తాత కొన్న కీ ఇచ్చే రైలుకి దొడ్డిలో దారి వేసేవాళ్ళం. ఇసుకలో రేకు పట్టాలు కుంగితే ఇంజను బోల్తా పడేది. ఇటుక పొడి తడిపి కింద గట్టిగా కొడితే నిలుస్తుందని పడగా పడగా తెలిసింది. మలుపులో బయటి అంచు కాస్త ఎత్తుండాలని కూడా ఎవరూ చెప్పలేదు, ఇంజనే చెప్పింది.

చుట్టు పూర్తికావడానికి ఇంకా రెండు ముక్కలుండగా వాన వచ్చింది. చేతికందినవి పట్టుకుని ఎవరింటికి వాళ్ళం పరుగెత్తాం. మర్నాడు ఎండ కాసినా ఆ అమ్మాయి రాలేదు. నాకు కాలు నిలవలేదు. గుమ్మానికీ దొడ్డికీ మధ్య తిరిగాను. దేన్నైనా ఒకరిని అడగడమన్నది మా ఇంట లేదు. చివరికి వెళ్ళి వాళ్ళ గడప ముందు నిటారుగా నిలబడ్డాను.

"అత్తా, మా పట్టాలు మీ ఇంట్లో ఉన్నాయి. ఇచ్చేయండి."

బియ్యం చెరుగుతున్న ఆమె చేతులు ఆగాయి. "ఏంది? మీ నాయన పంపించినాడా?"

"ఎవరూ పంపలేదు. అవి మా తాతవి."

"మీ తాతవే. మీ నాయనే గదా సంతకం పెట్టి ఇచ్చినాడు. ఇప్పుడు యాడిదీ పేచీ?"

"సంతకం ఏమీ లేదు. వానలో మీ అమ్మాయి ఎత్తుకొచ్చింది."

ఆ అమ్మాయి రెండు రేకు ముక్కలు గౌనుకి తుడుస్తూ లోపలినుంచి వచ్చింది. "స్థలం పట్టా కాదుమా. రైలు తండవాళం అడగతా ఉండాడు. వీళ్ళింట్లో దాన్నే పట్టాలంటారు."

ఆమె చేట పక్కన పెట్టి నవ్వింది. నేను నవ్వలేదు. దొడ్డి చివర నిలబడి అంతా విన్న నాన్న కూడా నవ్వలేదు.

వాన మా వైపు ఇసుకను కోసేయడంతో చుట్టును కొంత వాళ్ళ స్థలంలోకి జరిపి, చివరి ముక్కలు కలిపాం. కీ తిప్పి వదిలాను. ఇంజను మలుపు దాటింది, హద్దు రాయి దాటింది, అటువైపు వెళ్ళి ఆగిపోయింది. నేను నాన్న వైపు చూశాను. ఆయన పంచె అంచు సర్దుకున్నాడు.

"అడిగి తెచ్చుకో."

ఆ మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

"అత్తా, రావచ్చా?" అన్నాను. హద్దు రాయి ఇవతలే ఆగాను.

"రా నాయనా. పట్టా తప్ప ఏదైనా ఎత్తుకుపో."

ఇంజను తీసుకుని తిరిగి చూసేసరికి నాన్న లోపలికి వెళ్ళిపోయాడు.